చదువునకు వెన్నుదన్ను

రామాయణమున కిష్కింధాకాండము తుదిభాగమున సముద్రతీరపు ఘట్టమొకటి కలదు. సీతను వెదకుచు దక్షిణదిక్కునకు వచ్చిన వానరులు నూరు యోజనముల నీటిని చూచి దిగులుపడి కూర్చుండిరి. ఎవరెంత దూరము దూకగలరో చెప్పుడని అంగదుడు అడిగెను. ఒకడు పది యోజనములనెను, ఒకడు ఇరువదియనెను, తొంబదివరకు వచ్చి మాట నిలిచిపోయెను. దూకగలవాడు మాత్రము ఒక ప్రక్కను మౌనముగా కూర్చుండియుండెను. వృద్ధుడగు జాంబవంతుడు వానియొద్దకు పోయి, వాని జన్మవృత్తాంతమును, పసితనమున సూర్యుని పండనుకొని మింటికెగసిన సాహసమును జ్ఞాపకము చేసెను. ఆ మాటలు విన్న పిదపనే హనుమంతుడు మేను పెంచెను. జాంబవంతుడు ఇచ్చిన క్రొత్త బలమేమియు లేదు. ఉన్న బలమును ఉన్నదని చెప్పెను, అంతియే.

భారతమున దీనికి సరిగా ఎదురైన ఘట్టము కర్ణపర్వమున కలదు. శల్యుడు కర్ణునకు సారథి. ధర్మరాజునకు ముందుగనే మాటయిచ్చియుండుటచే, యుద్ధమునకు పోవునపుడు అతడు కర్ణుని ఎత్తిపొడుచుచు, హంసతో పందెమువేసి సముద్రమున పడిన కాకి కథ చెప్పి, అడుగడుగున వాని తేజమును తగ్గించెను. పగవాడు ఎదుటనుండి వేసిన బాణమునకు కవచము అడ్డుపడవచ్చును. తన రథముపై కూర్చున్నవాడే నీవల్ల కాదనుచుండగా దానికి అడ్డుపెట్టు కవచము లేదు.

ఈ రెండు కథలును వీరులకు సంబంధించినవే యైనను, పలకా బలపము పట్టిన పిల్లవానికిని వర్తించును. బాలుడు తన్నుగూర్చి తాను అనుకొనునది చాలవరకు తాను నమ్మిన పెద్దలు తన్నుగూర్చి అనుకొనుదానినిబట్టి యుండును. దారిన పోవువాడు మెచ్చినను తెగడినను ఆ మాట చెవివద్దనే ఆగును. తల్లి, తండ్రి, గురువు, ఇంటికి దగ్గరివాడైన పెద్దమనిషి అన్న మాట లోపలికి దిగి అక్కడ కాపురముండును. కావున ఏ పిల్లవాని చదువైనను ఎందుకు సాగెను, ఎందుకు ఆగెను అని విచారించునపుడు వాని బుద్ధిని మాత్రమే పరీక్షించుట చాలదు. వాని ప్రక్కన ఎవరు నిలిచిరో కూడ చూడవలెను. దీనికి సాక్ష్యము వెదకుటకు దూరము పోనక్కరలేదు. ఈ ప్రాంతపు చరిత్రయందే అది కలదు.

ఒంగోలులోని పూటకూళ్ల యిల్లు

టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. వారి పూర్వులు కరణీకము చేసినవారు. బాలునకు పదునొకండవయేట తండ్రి గతించెను. ఇంటి పరువు మిగిలెను గాని ఇంట గింజలు మిగులలేదు. అప్పుడు సుబ్బమ్మగారు పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ల యిల్లు నడుపసాగిరి. ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనిది.

నేటివారికి ఇందులో విశేషము కనబడకపోవచ్చును. ఆ కాలమున, మంచి కుటుంబమున పుట్టి మెట్టిన వితంతువు పరులకు వండిపెట్టి డబ్బు తీసికొనుటను లోకము చిన్నచూపు చూచెడిది. బంధువులయిండ్ల మూలలయందు తలదాచుకొని బ్రదుకుటయే గౌరవమని ఎంచెడి దినములవి. ఆ తల్లి పొయ్యిముందు కూర్చుండుటకు సిద్ధపడినది పిల్లలు చేయిచాపక బ్రదుకవలెనని, చదువుకొనవలెనని.

ప్రకాశమునకు చిన్ననాటినుండి ప్లీడరు కావలెనని కోరిక. పైచదువునకు మూడు రూపాయల రుసుము కట్టవలసివచ్చెను. అణాలు, కానులు లెక్కించి సంసారము గడుపు ఇంట మూడు రూపాయలు కొండవంటివి. బావగారిని ఆశ్రయించినను సహాయము దొరకలేదు. చదువు అంతటితో ఆగవలసినదే. అప్పుడు సుబ్బమ్మగారు తన పట్టుచీర తాకట్టుపెట్టి ఆ మూడు రూపాయలును తెచ్చి కొడుకు చేతిలో పెట్టిరి.

ఆ చీర విలువ ఎంతయో వర్తకుడు చెప్పగలడు. దానివలన బాలుని మనస్సున ఏర్పడిన విలువను ఏ వర్తకుడును కట్టలేడు. తన చదువు తల్లికి పట్టుచీరకంటె ఎక్కువైనదని ఆ పిల్లవాడు కన్నులార చూచెను. నాయనా, బాగుగా చదువుకొమ్మని నూరుమారులు చెప్పినను రాని నమ్మకము ఆ ఒక్క పనితో కలిగెను. ప్రకాశంగారు వృద్ధాప్యమున ‘నా జీవితయాత్ర’ వ్రాయునపుడు తల్లి పడిన కష్టమును మరువక వ్రాసికొనిరి. ముఖ్యమంత్రి పదవి నెరపిన మనుష్యునకు జ్ఞాపకముండిన ఆ పట్టుచీర ఏనాటికిని చిరుగునది కాదు.

ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు

తల్లి ఇచ్చినది ఆశ. ఆ ఆశకు దారి చూపుటకు చదువు తెలిసినవాడొకడు కావలెను. ఒంగోలు మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ స్థానమున నిలిచిరి. వారిది ప్రకాశంగారి కులము కాదు, బంధుత్వము లేదు, ఈ పిల్లవానివలన వారికి కలుగు లాభము ఏదియు లేదు. అయినను జీతము లేకుండ చదువుకొనునట్లు ఏర్పాటు చేసిరి.

ప్రకాశము అప్పటికి పుస్తకమునుండి తల యెత్తని బుద్ధిమంతుడు కాడు. ఆటలు, అల్లరి, నాటకములు, వీధి సహవాసములు, వీనియన్నిటిని పంతులుగారే దాచక తమ స్వీయచరిత్రమున చెప్పుకొనిరి. అట్టి పిల్లవానిని చూచినపుడు లోకము అనుమాట అందరును ఎరిగినదే: వీడు బాగుపడడు. నాయుడుగారు ఆ మాట అనలేదు. వారికే నాటకములయందు మక్కువ యుండుటచే పిల్లవానిని రంగస్థలమునకు చేర్చి వేషములు వేయించిరి. అల్లరికి పోవు చురుకును అణచివేయక దానికొక కాలువ త్రవ్విరి. మెట్టచేలపై పడి మట్టిని కోసికొనిపోవు వాననీటినే చెరువునకు మళ్లించు రైతు చేయునది ఇట్టి పనియే.

తరువాత నాయుడుగారు తమ నివాసమును రాజమహేంద్రవరమునకు మార్చుకొనవలసివచ్చెను. సాధారణముగా ఉపాధ్యాయుని బాధ్యత అక్కడితో తీరును. ఊరు విడుచునపుడు శిష్యుని తల నిమిరి ఆశీర్వదించి పోయినను తప్పుపట్టువారు లేరు. కాని వారు ప్రకాశమును తమతో తీసికొనిపోయి అక్కడ ఎఫ్‌.ఏ. తరగతిలో చేర్పించిరి. అటుపిమ్మట మద్రాసు పంపి న్యాయశాస్త్రము చదివించిరి. పూటకూళ్లయింటి పిల్లవాడు న్యాయవాది యయ్యెను.

ఆపై జరిగినది దేశచరిత్ర. రాజమహేంద్రవరము పురపాలక సంఘాధ్యక్షత, ఇంగ్లండులో బారిస్టరు చదువు, 1907లో తిరిగివచ్చి మద్రాసులో ప్రాక్టీసు, 1921లో ‘స్వరాజ్య’ పత్రికాస్థాపనము, 1928లో సైమను సంఘము వచ్చినపుడు తుపాకులయెదుట రొమ్ము చూపుట, 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానపదవి, 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రిత్వము. 1957 మే 20వ తేదీన వారు కీర్తిశేషులైరి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో వారి పేరు పెట్టిరి. వేటపాలెము 2022లో బాపట్ల జిల్లాలో చేరువరకును ఆ ప్రకాశం జిల్లాలోనిదే.

జిల్లాకు ప్రకాశంగారి పేరున్నది. సుబ్బమ్మగారి పేరును, నాయుడుగారి పేరును ఎరిగినవారు ఎందరు? పునాదిరాళ్లపై పేర్లు చెక్కరు. ఇల్లు మాత్రము వానిపైననే నిలుచును.

పదిమంది శల్యులు, ఒక జాంబవంతుడు

ప్రకాశంగారికి ఇంట తల్లియు బడిలో గురువును ఇరువురును దొరకిరి. అందరికి అట్లు దొరకదు. గుఱ్ఱము జాషువాగారు 1895 సెప్టెంబరు 28వ తేదీన గుంటూరు మండలమందలి వినుకొండలో జన్మించిరి. తల్లిదండ్రులు వేరువేరు కులములవారు. అందువలన బడిలోను వీధిలోను ఆ బాలుడు పడిన అవమానములు లెక్కకు మిక్కిలి. కవిత్వము చెప్పబోయినచో నీకెందుకని గద్దించినవారు పలువురు. ఆనాటి సమాజమే ఆయన రథముపై శల్యుడై కూర్చుండెను.

అట్టి దినములలో జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు ఆయనకు కాళిదాసుని మేఘసందేశమును, రఘువంశమును, కుమారసంభవమును చెప్పిరి. అంటరానివాడని లోకము దూరముగ నిలిపిన యువకుని కూర్చుండబెట్టి సంస్కృత కావ్యములు పాఠము చెప్పుట ఆ కాలమున సామాన్యమైన పని కాదు. దీపాల పిచ్చయ్యశాస్త్రిగారి బాల్యస్నేహమును ఆయనకు తోడయ్యెను. మేఘము చేత సందేశము పంపిన కాళిదాసును చదివిన ఆ కవియే తరువాత గబ్బిలము చేత కాశీనాథునకు దరిద్రుని మొర పంపెను. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును, 1970లో పద్మభూషణ బిరుదమును ఆయనకు లభించెను. కాదన్నవారి పేర్లు నేడెవరికిని తెలియవు. పాఠము చెప్పినవారి పేరు కవి చరిత్రతోపాటు నిలిచియున్నది.

ఆడపిల్లల విషయమున ఈ కాదనుట మరియు హెచ్చుగనుండెడిది. అక్షరము నేర్చిన స్త్రీ ఉత్తరములు వ్రాయునని భయపడిన యిండ్లు ఎన్నియో. 1922లో గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు శారదానికేతనమును స్థాపించి బాలికలకును వితంతువులకును చదువు చెప్పించిరి. ఇంట ప్రోత్సాహము లేనివారికి ఇంటివంటి చోటు ఒకటి ఏర్పడెను.

తప్పినవానికి తోడు

పరీక్ష తప్పిన దినము పెద్దలకును పరీక్షయే. ఎల్లాప్రగడ సుబ్బారావుగారి కథ ఇందుకు నిదర్శనము. ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున పుట్టిరి. పదుమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని బయలుదేరిరి. తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించి మరల బడిలో పెట్టిరి. మెట్రిక్యులేషను రెండుమారులు తప్పిరి. ఇక చాలునని ఆమె అనలేదు, నగలమ్మి చదివించిరి. మూడవమారు ఆయన కృతార్థులైరి. పిదప సన్యసింపవలెనని కోరగా ఆమె సమ్మతింపలేదు. ప్రోత్సాహమనగా అడిగినదానికెల్ల తలయూపుట కాదని ఆ తల్లి నడవడివలన తెలియుచున్నది. కొడుకునందు నమ్మకము కలది కావుననే ఆమె కాదనగలిగెను. తన మేలు కోరునదని నమ్మినవాడు కావుననే ఆయన వినగలిగెను.

మద్రాసున వైద్యము చదివి అమెరికా వెళ్లిన ఆ యువకుడు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కె పండితునితో కలిసి శరీరమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టెను. కండరములకు శక్తినిచ్చు పదార్థముల గుట్టు విప్పెను. తరువాత లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము, బోదకాలునకు వాడు హెట్రజాన్, ఆరియోమైసిన్ మొదలగు మందులు వెలువడెను. 1948లో ఆయన గతించిరి. రెండుమారులు తప్పిన పిల్లవానిని ఆనాడు తల్లి కొట్టునకో పొలమునకో పంపియుండినచో ఈ మందుల చరిత్ర మరియొక తీరుగ నుండెడిది.

పెద్దలలో కొందరు, మాకే చదువు రాదు, మేమేమి ప్రోత్సహింపగలమని సందేహింతురు. దీనికి శ్రీనివాస రామానుజము జీవితము సమాధానము చెప్పును. గణితము తప్ప వేరొకటి పట్టక ఆయన ఎఫ్‌.ఏ. పరీక్షలు తప్పి, పని లేక తిరుగుచుండెను. 1910 ప్రాంతమున నెల్లూరు కలెక్టరుగా నున్న రామచంద్రరావుగారిని దర్శించెను. ఆ యువకుని లెక్కలన్నియు రామచంద్రరావుగారికి బోధపడలేదు. బోధపడకపోయినను ఓపికతో వినిరి. ఇతనియందు ఏదో కలదని గ్రహించి కొంతకాలము నెలనెల ధనసహాయము చేసిరి. 1912లో మద్రాసు రేవు కార్యాలయమున లెక్కల శాఖలో నెలకు ముప్పది రూపాయల గుమాస్తాపని దొరకెను. అచటి పై అధికారియగు నారాయణ అయ్యరుగారు అతని గణితమును ఆదరించి, కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు వ్రాయుటకు వెన్నుతట్టినవారిలో ఒకరైరి. 1914లో రామానుజము ఇంగ్లండు వెళ్లెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. విద్య తెలిసి మెచ్చుట గొప్ప. తెలియకపోయినను విద్యార్థిని నమ్మి వినుట అంతకు తక్కువ కాదు.

పోగు తెగినపుడు

ఈ నలువురి చరిత్రలను కలిపి చూచినచో కొన్ని సంగతులు తేటపడును. మొదటిది, బిడ్డను నిలిపిన ప్రోత్సాహము ప్రతిచోట పెద్దలకు కొంత ఖర్చు తెచ్చినది. ఒకరికి చీర, ఒకరికి నగలు, ఒకరికి లోకుల మాట, ఒకరికి తీరిక. ఏమియు ఖర్చుకాని పొగడ్తను పిల్లలు త్వరలోనే కనిపెట్టుదురు. రెండవది, అది సరియైన వేళకు వచ్చినది. గెలిచినవానికి పూలమాల వేయువారు ఊరంతయు కలరు. తప్పినవాని ప్రక్కన ఆ సాయంకాలము కూర్చుండువాడు ఒక్కడు చాలును. మూడవది, అది ఒక్కనాటితో తీరలేదు. నమ్మకము నాటిన మరునాడు కాయు చెట్టు కాదు.

వేటపాలెము, చీరాల ప్రాంతమున మగ్గము తెలియని యిల్లు అరుదు. నేయుచుండగా పోగు తెగినచో ఏ నేతగాడును పడుగంతయు కోసి పారవేయడు. మగ్గము నిలిపి, తెగిన కొనలు వెదకి, వ్రేళ్లతో అతికి మరల నేయును. చూచువానికి ఆ అతుకు కానరాదు. పిల్లవాడు ఒక పాఠమున వెనుకబడినపుడు వీనికి చదువు రాదని తీర్పుచెప్పుట పడుగు కోయుటవంటిది. ప్రక్కింటి పిల్లవానితో పోల్చి దెప్పుట శల్యుడు చెప్పిన కాకి కథను మరల చెప్పుటయే. ఏ మాట యొద్ద తెగినదో వెదకి అతుకుటయే పెద్దల పని.

ఊరికి పెద్ద గ్రంథాలయము

తల్లి చదువు చెప్పలేని యింట, గురువు పట్టించుకొనని బడిలో ఉన్న బిడ్డకు ఎవరు దిక్కు? తెలుగుదేశమున గ్రంథాలయోద్యమము ఈ ప్రశ్నకు ఒక సమాధానము చెప్పినది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికతో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. నాలుగేండ్లకు, 1918లో, వేటపాలెమున ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు సారస్వత నికేతనమునకు అంకురార్పణము చేసిరి. 1929లో గాంధీమహాత్ముడు దాని నూతన భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికర్రను అక్కడ పదిలపరచిరి. ఆ నికేతనమున కూడబెట్టిన పాతపత్రికల సంచికలకై దూరదేశముల పరిశోధకులు ఈ చిన్నయూరికి వచ్చుచుందురు.

చేతికర్రను చూడవచ్చినవారు భక్తితో చూచి పోవుదురు. దానికంటె విలువైన దృశ్యమొకటి ఏ గ్రంథాలయమునందైనను ప్రతిదినము కనబడును. పదియేండ్ల పిల్లవాడు గడపవద్ద లోపలికి రావచ్చునో లేదో యని సందేహించుచు నిలుచుండును. లోపలి పెద్దమనిషి తలయెత్తి, రమ్మని పిలిచి, వాని యీడునకు తగిన పుస్తకమొకటి చేతికిచ్చి, చదివి వచ్చి కథ నాకు చెప్పుమనును. ఆ చివరిమాట ముఖ్యమైనది. పుస్తకమిచ్చుట దానము, కథ నాకు చెప్పుమనుట నమ్మకము. తాను చదివినదానిని వినగోరు పెద్దవాడొకడున్నాడని తెలిసిన పిల్లవాడు మరునాడు తప్పక వచ్చును.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు సభ్యుల సంఖ్య, గ్రంథముల సంఖ్య చెప్పుకొనుట న్యాయమే. ఆ పద్దులలో చేరని పద్దు మరియొకటి కలదు: ఈ ఇరువదియైదేండ్లలో ఈ గడపవద్ద సందేహించి నిలిచిన పిల్లలలో ఎందరిని లోపలికి పిలిచిరి? వారిలో ఎందరు మరల వచ్చిరి? మిరపకోతలకు, ప్రత్తితీతలకు బడి మాని పోయిన పిల్లలలో ఎందరిని ఎవరు వెదకికొని పోయి తీసికొనివచ్చిరి? ఈ లెక్క వ్రాయుట కష్టము. వ్రాసికొనని గ్రంథాలయము పుస్తకముల కొట్టుగా మిగులును.

చదువరులలో ప్రతివారికిని పరిచయమున్న పిల్లవాడో పిల్లయో ఒకరుందురు. వారి పుస్తకమున ఏమున్నదో తెలియకపోయినను, ఈనాడు ఏమి చదివితివని సాయంకాలము అడుగవచ్చును. సుబ్బమ్మగారు చట్టము చదివినవారు కారు. రామచంద్రరావుగారికి రామానుజము లెక్కలు పూర్తిగా అందలేదు. వెంకమ్మగారికి రసాయనశాస్త్రము తెలియదు. సముద్రము దాటినవాడు హనుమంతుడే. అయినను ఆనాడు తీరమున వృద్ధుడొకడు లేచి నాలుగు మాటలాడకపోయినచో ఆ కథ కిష్కింధాకాండముతోనే ముగిసియుండెడిది; సుందరకాండము లేకుండెడిది.